చేయి మారిన చోటు

ఆ వేసవిలో మా అమ్మాయి ఆలియా, వాళ్లమ్మ చావును పదిహేను నిమిషాల్లో సరిపెట్టింది. అంతకన్నా ఎక్కువ టైమ్ ఇవ్వలేదు మరి.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారు వాళ్లు కొట్టేస్తున్న వేసవి అది, రెండు వేల ఆరు. ఏలూరు తంగెళ్లమూడిలో సత్తిరాజు గారికి తివాచీలు నేసే షెడ్డు ఉండేది. నేను అక్కడ ఉన్నికి రంగులు చూసేవాణ్ణి, ఎగుమతి కాగితాలు రాసేవాణ్ణి. బీయే చదివినవాణ్ణని నాకు కుర్చీ వేశారు. మగ్గాల ముందు కూర్చునే ఆడవాళ్లకి చెక్కబల్ల. నా భార్య హలీమా పెళ్లి కాకముందు నుంచీ ఆ బల్ల మీదే నేసింది. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు ఆ చోట్లో ఆమె చెల్లెలు గుల్నాజ్ కూర్చుంటోంది. గుల్నాజ్, ఆమె భర్త అయాజ్ మా పక్క పోర్షన్లోనే ఉంటారు. వాళ్లకీ మాకూ మధ్య ఒక్కటే గోడ.

అయాజ్‌కి ట్రాలీ ఆటో ఉంది. కొల్లేటి ఊళ్ల నుంచి చేపల పెట్టెలు తెచ్చేవాడు. గట్లు పోయాక చేపా లేదు, ఐసూ లేదు, కిరాయీ లేదు. ఆటోని ఇంటి ముందు నిలబెట్టుకుని పొద్దున్నే తుడుచుకుంటూ కూర్చునేవాడు.

"ఏవండోయ్, అలా తుడిస్తే రంగు కూడా పోద్ది. మనకి మిగిలింది అదొక్క..." అనేది గుల్నాజ్. మిగతా మాట దగ్గులో పోయేది.

ఆ ఏడాది ఆమె మాటతీరే అలా అయింది. మాట ఎత్తుకోవడం, మధ్యలో దగ్గడం, చివరిది మింగెయ్యడం. మేమే పూర్తి చేసుకుని నవ్వేవాళ్లం. షెడ్డులో దగ్గనివాళ్లు లేరు గనక ఎవరికీ వింతగా ఉండేది కాదు. గాలి తగిలితే ఉన్ని పోగులు చెదురుతాయని కిటికీలు మూసే ఉంచేవాళ్లం. ముడి వేసి కత్తితో తెంపినప్పుడల్లా నుసి లేచేది. సాయంత్రానికి ఆడవాళ్ల కనుబొమల మీద, ఆ రోజు నేసిన రంగును బట్టి, ఎర్రగానో నీలంగానో నుసి పట్టి ఉండేది.

ఏప్రిల్లో ఒకరోజు సత్తిరాజు గారు నన్ను పక్కకి పిలిచారు.

"మోయిన్ గారూ, దాచడం దేనికండి. మిషను తివాచీలొచ్చాక మన సరుకు అడిగేవాడు లేడు. హైదరాబాద్ కంపెనీ ఒకటి చేతిపని సామాను కొని బయటిదేశాల షాపులకి పంపిస్తోందంట. తాడేపల్లిగూడెంలో మీ అమ్మాయి చదివే కాలేజీలోనే మీటింగు పెట్టారు. ఎవరి సరుకు గురించి వాళ్లు ప్రజెంటేషన్ ఇవ్వాలంట. ఇది తగిల్తే షెడ్డు ఉంటది. లేదంటే వానల్లోపు అమ్మేసుకుంటానండి. నా వల్ల కాదు."

ఆలియా ఆ కాలేజీలో ఎంబీయే రెండో ఏడు చదువుతోంది. పని ఆమె మీద పడింది. ఆమె సంతోషించింది కూడా. ఇన్నాళ్లూ చదివింది ఇంటికి పనికొచ్చే సందర్భం అదే మొదలు.

మొదటి రిహార్సల్ మా ముందుగదిలో. కాలేజీలో ప్రింటు తీసుకొచ్చిన కాగితాలు ఒక్కొక్కటీ ఎత్తి చూపిస్తూ చెప్పింది: అంగుళానికి ఎన్ని ముడులు, ఉన్ని ఎక్కణ్ణుంచి వస్తుంది, ఏ రంగు ఎన్నేళ్లు నిలుస్తుంది. గుల్నాజ్ గోడకి ఆనుకుని కునుకు తీసింది. అయాజ్ మాత్రం చివరిదాకా తలాడిస్తూ విన్నాడు.

"చాలా బాగుందమ్మా. నాకొక్క ముక్క అర్థం కాలేదు," అన్నాడు.

ఆలియా కాగితాలు కింద పెట్టేసి నా వైపు తిరిగింది. "మా సార్ ఇదే చెప్పారు అబ్బా. అంకెలు ఎవరికీ గుర్తుండవు. ఇంటికి తీసుకెళ్లేది ఒక మనిషినే. ఒక మనిషి, ఆ మనిషికో కష్టం, తర్వాత ఏమైంది. కథలాగా చెప్పాలి. అప్పుడే వింటారు."

అని మంచం కిందకి చూసింది. ఏమడగబోతోందో నాకు అప్పుడే తెలిసింది.

మంచం కింద చుట్టి పెట్టిన తివాచీ హలీమా నేసిన ఆఖరిది. సగం ఆమె నేసింది. మిగతా సగం గుల్నాజ్ నేసింది. మా పనిలో చేయి మారితే తెలిసిపోతుంది. ఒక్కొక్కరి ముడి ఒక్కో బిగువు. అందుకే ఒకరు ఆపిన చోట ఇంకొకరు మొదలుపెట్టే ముందు, పాత వరసలు కొన్ని విప్పేసి మళ్లీ వేస్తారు. అప్పుడు గీత కనపడదు. హలీమా పోయిన తర్వాత సత్తిరాజు గారు అలాగే విప్పమన్నారు. గుల్నాజ్ ఒక్క ముడి కూడా విప్పనంది. మా అక్క వేసినవి నేను తియ్యను, కావాలంటే నన్ను మానిపించండి అంది. పై వరస నుంచి తను మొదలుపెట్టింది. తివాచీ అడ్డంగా, నడిమధ్యన, కంటికి సరిగ్గా ఆనని ఒక గట్టు ఏర్పడింది. వేలితో రాస్తే తెలుస్తుంది. కింద సగం మెత్తగా, పై సగం బిర్రుగా ఉంటుంది. ఆ తివాచీ ఎగుమతికి పనికిరాదని పక్కన పడేస్తే నేను ఇంటికి తెచ్చుకున్నాను. సత్తిరాజు గారు వెల అడగలేదు. అది ఆయన మంచితనం.

"అమ్మీ కథ చెప్తాను అబ్బా. ఈ తివాచీ చూపించి చెప్తాను," అంది ఆలియా.

నేను జవాబు చెప్పకముందే గుల్నాజ్ లేచి కూర్చుంది. ఎప్పుడు మెలకువ వచ్చిందో!

"చెప్పనివ్వండి దుల్హాభాయ్," అంది. అక్క మొగుణ్ణని నన్నలా పిలిచేది. "అక్క బతికుండగా దాని పని ఎవరు చూశారు? చచ్చాకన్నా మాకింత అన్నం పెట్టనీ..." తర్వాత దగ్గింది.

ఆలియా రోజూ సాధన చేసేది. మొదటిసారి చెప్పినప్పుడు మధ్యలో ఏడ్చేసింది. తర్వాత్తర్వాత ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో తెలుసుకుంది. పదోసారికో ఎప్పటికో, ఏడుపు వచ్చే చోట మంచినీళ్ల సీసా తీసి ఒక గుక్క తాగడం అలవాటు చేసుకుంది. వినేవాళ్లకి అది ఆలోచించుకోవడానికి ఆగినట్టుంటుంది. వంటగదిలోంచి వింటూ, హలీమా మంచం పట్టే చోటు ఎప్పుడొస్తుందో నాకు వాచీ చూడకుండా తెలిసేది. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేసరికి పడుకునేది. ఎసరు పొంగేసరికి వెళ్లిపోయేది. చెప్పొద్దూ, అందులోనూ ఒక ఊరట ఉంది. నాలుగేళ్ల తర్వాత మా ఇంట్లో రోజూ ఆమె పేరు వినపడుతోంది.

సత్తిరాజు గారి ముందు ఒకసారి చెప్పించాం. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీశారు.

"ఇంక ఆర్డరు మనదేనమ్మా," అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "ఒక్కమాటండి మోయిన్ గారూ. జబ్బు ఊసొచ్చినప్పుడు జ్వరం అనండి. అబద్ధం ఏమీ కాదు గదా, జ్వరం కూడా వచ్చింది గదండి."

వచ్చింది. ఆఖరి వారమంతా జ్వరమే.

"అలాగేనండి," అన్నాను. ఆలియా తన కాగితంలో ఆ మాట దిద్దుకుంది.

మే నెలలో మీటింగు. పొద్దున్న పాసింజరు ఎక్కాం. సత్తిరాజు గారు ఇస్త్రీ చొక్కా నలగకుండా దారంతా నిలబడే వచ్చారు. నేను తివాచీని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకున్నాను. కిటికీ పక్కన కూర్చున్న ఆలియా పెదాలు కదులుతూనే ఉన్నాయి. తాడేపల్లిగూడెంలో దిగి ఆటోలో కాలేజీకి వెళ్లాం. సెమినార్ హాల్లో ఏసీ ఉంది. చెమట ఆరిపోయి చలేసింది.

మా ముందు నరసాపురం నుంచి లేసు అల్లేవాళ్లు, ఇంకెవరో కలంకారీ వాళ్లు మాట్లాడారు. అంకెలే చెప్పారు. కంపెనీ తరఫున వచ్చిన తెల్లాయన మర్యాదగా ఆవలింతలు ఆపుకుంటున్నాడు. ఆయన పక్కన జాయ్సీ గారని ఒకావిడ, కంపెనీలో పెద్ద ఉద్యోగి. తెలుగావిడే. వాళ్ల నాన్న ఈ చుట్టుపక్కల మిషన్ బళ్లో మాస్టారుగా చేశారట. ఆయనకి ఇంగ్లీషులో, మాకు తెలుగులో చెప్తోంది. మా వైపు మాటే, అండీ లేకుండా ఒక్క ముక్క లేదు.

ఆలియా లేచింది. స్లయిడు ఏమీ వెయ్యలేదు. తివాచీ విప్పి బల్ల మీద పరిచింది.

"దయచేసి ఒకసారి కళ్లు మూసుకోండి," అంది ఇంగ్లీషులో. "కింది నుంచి పైకి వేలితో రాయండి. ఎక్కడైనా తేడా తెలిస్తే ఆగండి."

తెల్లాయన కళ్లు మూసుకుని రాశాడు. నడిమధ్యకి వచ్చాక ఆయన వేలు ఆగిపోయింది.

"అక్కడిదాకా మా అమ్మ," అంది ఆలియా. "అక్కణ్ణుంచి మా పిన్ని."

తర్వాత హాల్లో ఎవరూ కదల్లేదు. ఆలియా చెప్పాల్సిన చోట చెప్పింది, ఆగాల్సిన చోట ఆగింది, నీళ్లు తాగాల్సిన చోట తాగింది. జ్వరంతో మంచం పట్టింది అంది. కోలుకోలేదు అంది. పిన్ని ఒక్క ముడీ విప్పనందని చెప్పేసరికి లేసు అల్లే ముసలావిడ, ఇంగ్లీషు రాకపోయినా ఎలా తెలిసిందో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా అమ్మాయి నిలబడిన తీరు చూసి హలీమా ఉంటే ఎంత మురిసేదో అనుకున్నాను. అయిపోయాక చప్పట్లు చాలాసేపు మోగాయి. సత్తిరాజు గారు నా మోకాలు గట్టిగా పట్టుకున్నారు.

అప్పుడు జాయ్సీ గారు లేచి, ఒక కుర్చీ లాక్కుని, నాకు ఎదురుగా వచ్చి కూర్చుంది.

"మీరు వాళ్లాయనాండీ?"

"అవునండి."

"ఏమైందండీ ఆవిడకి?"

ఆలియా చెప్పింది కదా అనబోయాను. ఆమె నా మొహం వైపే చూస్తోంది. "చెప్పాలనిపించకపోతే వద్దండి. ఊరికే అడుగుతున్నాను," అంది. అని ఎదురుచూసింది.

హలీమా పోయాక నన్ను చాలామంది చాలా అడిగారు. నలభయ్యో రోజు ఎప్పుడని, పిల్లకి వంట ఎవరు చేస్తారని, మళ్లీ చేసుకుంటావా అని. ఆమెకేమైందని అడిగి, జవాబు కోసం ఆగినవాళ్లు నాకు గుర్తు లేరు.

"ఉన్ని నుసండి," అన్నాను. "ఊపిరితిత్తుల్లో పేరుకుందన్నారు డాక్టరు గారు. ఆఖర్లో పడుకోలేకపోయేదండి. పడుకుంటే ఊపిరందేది కాదు. గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. తల వాలిపోకుండా నేను పక్కన కూర్చునేవాణ్ణి."

ఇంకా అడిగితే ఇంకా చెప్పేవాణ్ణే. ఆమె అడగలేదు. "అయ్యో," అంది. నా చేతి మీద ఒకసారి చెయ్యి వేసి తీసేసింది. తర్వాత వెనక్కి తిరిగి తెల్లాయనకి ఇంగ్లీషులో చెప్పింది. ఆయన అప్పటిదాకా ముట్టుకోని పెన్ను తీసుకున్నాడు.

సత్తిరాజు గారు చెయ్యి నా మోకాలి మీద నుంచి ఎప్పుడు తీసేశారో తెలియలేదు. ఆయన తన చెప్పుల వైపు చూసుకుంటున్నారు.

తిరుగు రైలెక్కాం. భీమడోలులో రైలు ఆగినప్పుడు సత్తిరాజు గారు దిగి ముంజలు కొనుక్కొచ్చారు. ఆకు విప్పి ముందు ఆలియా చేతికిచ్చారు.

"తినమ్మా. బాగా చెప్పావు," అన్నారు. నాకూ ఇచ్చారు. ఆయన తినలేదు. ఆయన నన్ను నాలుగు మాటలంటే బావుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

రెండు వారాలకి కంపెనీ వాళ్ల డాక్టరు వచ్చాడు, ఎక్స్‌రే తీసే వ్యానుతో సహా. ఆర్డరు ఇచ్చేముందు పనివాళ్ల ఆరోగ్యం చూడాలట, వాళ్ల రూలట. వద్దంటే అక్కడితో సరి. షెడ్డు ముందు ఆడవాళ్లు వరసలో నిలబడ్డారు. భయంగా ఉన్నా నవ్వులు.

"ఫొటోకి నవ్వాలా డాక్టరు గారూ?" అనడిగింది గుల్నాజ్.

"ఊపిరి బిగబట్టాలమ్మా, అంతే."

"అదే కదండీ నాకు రానిది," అంది. అందరూ నవ్వారు.

ఫొటోలు వచ్చాక ఎవరూ నవ్వలేదు. చాలామందికి మచ్చలున్నాయి. గుల్నాజ్ ఫొటోని డాక్టరు కిటికీ వెలుగుకి పెట్టి నాకు చూపించాడు. అలాంటిది నేను అంతకుముందు ఒకటి చూశాను. దాన్లో తెలుపు ఇంకా ఎక్కువ.

"ఇప్పుడే మగ్గం మానేస్తే నిలబడుతుందండి," అన్నాడు. "ఇంకో ఏడాదీ రెండేళ్లూ ఇలాగే కూర్చుంటే నేను చెయ్యగలిగేదేమీ లేదు."

జాయ్సీ గారు ఫోన్ చేసి సత్తిరాజు గారితో మాట్లాడింది. పనివాళ్లు జబ్బు పడే చోట నుంచి తాము కొనడానికి లేదని, గాలాడేట్టు షెడ్డు మార్చి, మాస్కులు, ఫ్యాన్లు అన్నీ పెట్టుకున్నాక రమ్మని చెప్పిందట. కథ మాత్రం తమ ఆఫీసులో ఇంకా చెప్పుకుంటున్నారందట.

"నాకు అరవై దాటాయండి. ఇప్పుడు కొత్త షెడ్డు ఎవడు కడతాడు!" అన్నారాయన. జూన్‌లో స్థలం ఎవరో ఫంక్షన్ హాలుకి కొనుక్కున్నారు. మగ్గాల దుంగలు కలప అడితీకి వెళ్లాయి. మంచి టేకు, పడుగు దారాలు ఒరుసుకుని గాళ్లు పడిన టేకు. ఆడవాళ్లంతా వచ్చి రోడ్డు అవతల నిలబడి చూశారు.

ఆ సాయంత్రం గుల్నాజ్ మా గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రాలేదు.

"జ్వరం అనమన్నారు కదా దుల్హాభాయ్?"

"అన్నారు."

"అక్కకి జ్వరం రాలేదా?"

"వచ్చింది."

"మరి?"

జాయ్సీ గారు నెమ్మదిగా అడిగింది, అందుకని చెప్పేశాను అంటే నాకే సిగ్గుగా ఉంది.

"డాక్టరు చెప్పింది విన్నావు కదమ్మా," అన్నాను. "నీ ఊపిరి..."

"నా ఊపిరి సంగతి నేను చూసుకునేదాన్ని. నా పొయ్యి సంగతి ఎవరు చూస్తారు?" దగ్గు వచ్చింది. గుమ్మం పట్టుకుని అది తగ్గేదాకా వంగి నిలబడింది. ఆలియా నీళ్లు తెచ్చింది. ఆ గ్లాసు ముట్టుకోకుండా వెళ్లిపోయింది.

ఆ తర్వాత మాతో మాటలు లేవు. బట్టలు ఆరేసుకునేటప్పుడు మమ్మల్ని చూస్తే లోపలికి వెళ్లిపోయేది. అయాజ్ మాత్రం చీకటి పడ్డాక మా అరుగు మీద కూర్చుని బీడీ కాల్చుకునేవాడు. "మీరేం అనుకోకండి భాయ్. నాతో మాట్లాడుతోంది కదా, ఆ మాట్లాడేది వింటే మీరే నయం అనుకుంటారు," అనేవాడు. ఆటోలో ఇప్పుడు పెదవేగి తోటల నుంచి పామాయిల్ గెలలు తోలుతున్నాడు. రోజూ ఉండదు. గుల్నాజ్ ఆడపిల్లల హాస్టల్లో వంటకి సాయం కుదిరింది. మగ్గం మీద వచ్చేదాన్లో సగం కూడా రాదు. రెండు పూటలు వండడం మానేశారని గోడ అవతల పొయ్యి చప్పుడుని బట్టి తెలిసేది. ఆలియా వండిన కూర గిన్నెలో పంపితే గిన్నె అలాగే మా గుమ్మంలోకి తిరిగొచ్చేది, మూత కూడా తియ్యకుండా.

నాకు బజారులో ఒక బట్టల కొట్లో కూర్చునే పని దొరికింది. ఆలియా కాలేజీ అయ్యాక సెల్‌ఫోన్ల షాపులో చేరింది. ఆమెకి ప్రజెంటేషన్ మార్కులు అందరికంటే ఎక్కువ వచ్చాయి. జూనియర్ల కోసం ఇంకోసారి చెప్పమని వాళ్ల సార్ అడిగారట.

"ఆ రోజు హాల్లో ఒక్కళ్లు కూడా చూపు తిప్పుకోలేదమ్మా. ప్రజెంటేషన్ అంటే అదీ, అన్నారు అబ్బా."

"నువ్వేమన్నావు?"

"చెప్పనన్నాను." చెప్పులు విప్పి గోడవారగా పెట్టింది. "సార్ చెప్పిందంతా నిజమే. అంకెలు మర్చిపోయారు. అమ్మీని గుర్తుపెట్టుకున్నారు. అందుకే కొనలేదు."

హలీమా పేరు మళ్లీ ఇంట్లో వినపడ్డం మానేసింది. బియ్యం కడిగి పొయ్యి మీద పెడితే, ఎసరు ఊరికే పొంగేది.

వానలు ఆలస్యంగా వచ్చాయి, వచ్చాక ఆగలేదు. తమ్మిలేరు పొంగిందనీ, కొల్లేరు కింది ఊళ్ల మీదికి ఎక్కిందనీ అనుకుంటున్నారు. ఒక ఆదివారం మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. నేను మంచం మీద నడుం వాల్చాను. ఆలియా జడ వేసుకుంటోంది. గోడ అవతల గుల్నాజ్ గొంతు లేచింది.

అయాజ్ బియ్యం సంచి తీసుకెళ్లి సరిగ్గా చూరు కారే చోట పెట్టాడట. అక్కడ మొదలుపెట్టింది.

"కళ్లున్నాయా మీకు, ఆ ఆటో అద్దంలో పెట్టొచ్చారా? ఇల్లంతా వదిలేసి ధార కింద పెట్టారే, బియ్యానికి స్నానం చేయిద్దామనా? మీ అమ్మ మిమ్మల్ని కనలేదు, గెలలతో పాటు కోసుకొచ్చింది పెదవేగి నుంచి..."

"అది కాదే..."

"ఏది కాదు? నేనొక్కదాన్నే కదా ఈ కొంపలో వండాలీ, ఆరబెట్టాలీ, ఏరాలీ! అటు చూస్తే మీరు, ఇటు గోడ పక్కన చూస్తే ఇంకొకాయన. బీయే! అంత చదువుకున్నారు, నోరెప్పుడు మూసుకోవాలో ఒక్క పుస్తకంలోనూ రాసిలేదు కాబోలు. ఎవరో మేడమ్ గారొచ్చి అండీ అందంట, ఈయన కరిగిపోయి మా బతుకులన్నీ తీసి ఆవిడ ఒళ్లో పోశాడంట..."

ఆలియా మొహం ఎర్రబడింది. లేచి కిటికీ రెక్క వెయ్యబోయింది.

"ఉండనీ," అన్నాను.

"ఎందుకబ్బా, వినడానికి?"

"ఉండనీమ్మా. విను."

సగం అల్లిన జడ చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. అవతల తిట్లు బియ్యం మీద నుంచి ఆటో మీదికి, ఆటో మీద నుంచి హాస్టల్ వార్డెన్ మీదికి, అక్కణ్ణుంచి మళ్లీ నా మీదికి, ఒక్క తాడులా సాగుతూనే ఉన్నాయి. ఏ మాటా దగ్గుతో సగంలో తెగడం లేదు. ప్రతిదానికీ చివర ఉంది. ఆలియాకి కొంచెం ఆలస్యంగా తెలిసింది. నా వైపు చూసి, మెల్లగా వచ్చి మంచం చివర కూర్చుంది.

అవతల గొంతు టక్కున ఆగింది.

ఆలియా నా చెయ్యి పట్టుకుంది. మేమిద్దరం ఎదురుచూశాం. కుండ మీద మూత తీసిన చప్పుడు, గ్లాసు ముంచిన చప్పుడు. గుటకలు.

మళ్లీ మొదలుపెట్టింది.